తేలని రాయి, తేలిన నిజం

2023 ఆగస్టు 1న చైనాలోని హువాజోంగ్ విశ్వవిద్యాలయం నుంచి ఒక వీడియో వచ్చింది. అందులో ఉన్నది కంటికి సరిగా ఆనని నల్లటి పెచ్చు. కిందికి అయస్కాంతం తెస్తే ఆ పెచ్చు లేచి నిలబడింది. అంతే, ఇంకేమీ లేదు. కానీ ఆ కొన్ని క్షణాలను లక్షల మంది ఊపిరి బిగబట్టి చూశారు. ఎందుకంటే అలాంటి రాయి మామూలు గది ఉష్ణోగ్రతలోనే అతివాహకంగా పనిచేస్తుందని, అంటే కరెంటును ఏ నిరోధమూ లేకుండా పారనిస్తుందని, అంతకు కొద్ది రోజుల ముందే కొరియా శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మన భాషలో ‘తేలడం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. నీటి మీదో గాలిలోనో తేలడం ఒకటి, ‘విషయం తేలింది’ అన్నప్పుడు నిజం బయటపడడం ఇంకొకటి. ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంతా కలిసి అడిగింది ఈ రెండు ప్రశ్నలనే. రాయి తేలిందా? సంగతి తేలిందా? సైన్సు వార్త మీద ఇన్ని జోకులు, ఇంత చమత్కారం, ఇంత ఆశ ఒకేసారి పొంగడం నేను అంతకుముందు చూడలేదు. ఆ జోకుల వెనుక ఉన్న భౌతికశాస్త్రాన్ని విప్పి చెప్పాలనే ఈ వ్యాసం. ఎందుకంటే ఆ జోకుల్లో చాలావాటిని అర్థం చేసుకోవాలంటే అసలు విషయం తెలిసి ఉండాలి. అది తెలుసుకున్నవాళ్ళకు ఆ మూడు వారాలు ఒక మంచి పాఠశాల.

కథ జులై 22న మొదలైంది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని క్వాంటమ్ ఎనర్జీ రీసెర్చ్ సెంటర్‌తో సంబంధమున్న శాస్త్రవేత్తలు ‘ఆర్కైవ్’ అనే వెబ్‌సైట్‌లో కొద్ది గంటల తేడాతో రెండు పేపర్లు పెట్టారు. ఆర్కైవ్‌లో పరిశోధకులు తమ పరిశోధనను పత్రికలో అచ్చు కాకముందే పెట్టవచ్చు, తోటి నిపుణుల పరిశీలన ఇంకా జరిగి ఉండదు. మొదటి పేపర్‌లో ముగ్గురు రచయితలు, రెండోదాంట్లో ఆరుగురు. నోబెల్ బహుమతిని ముగ్గురికి మించి పంచరన్న సంగతి తెలిసినవాళ్ళు ఆ ‘ముగ్గురు’ అన్న అంకెను వెంటనే పట్టుకున్నారు. దాని మీదా జోకులు వచ్చాయి. సరిగ్గా ఆ వారమే ట్విటర్ తన పేరును ఎక్స్‌గా మార్చుకుంది. ఆ గొడవ మధ్యలో కూడా ఈ రాయి తన చోటు తాను సంపాదించుకుంది.

వాళ్ళ పదార్థం పేరు ఎల్‌కే-99. లీ, కిమ్ అన్న ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు, 1999 అన్న సంవత్సరం కలిపి పెట్టిన పేరది. సీసం, ఫాస్ఫరస్, ఆక్సిజన్‌లతో ఏర్పడే అపటైట్ అనే ఖనిజంలో కొన్ని సీసం పరమాణువుల స్థానంలో రాగిని చొప్పిస్తే ఇది వస్తుందన్నారు. మామూలు వాతావరణ పీడనంలోనే, 127 డిగ్రీల సెల్సియస్ దాకా ఇది అతివాహకంగా పనిచేస్తుందన్నది వాళ్ళ వాదన. నీరు మరిగే వేడి కంటే ఎక్కువ! ఆ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

రాగి తీగలో కరెంటు పారుతున్నప్పుడు ఎలక్ట్రాన్లు పరమాణువుల కంపనాలను, లోపాలను ఢీకొంటూ సాగుతాయి. ప్రతి ఢీకీ కొంత శక్తి వేడిగా పోతుంది. మిక్సీ వైరు వెచ్చబడేది అందుకే, ఊళ్ళ మీదుగా పోయే కరెంటు లైన్లలో కొంత విద్యుత్తు దారిలోనే హరించుకుపోయేదీ అందుకే. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని దాదాపు మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిచి చూస్తే దాని నిరోధం ఒక్కసారిగా మాయమైంది. కొద్దిగా తగ్గడం కాదు, మాయం కావడం. ఇదే అతివాహకత్వం. అలాంటి తీగతో ఒక చుట్ట చేసి కరెంటు పారించి బ్యాటరీ తీసేసినా కరెంటు తిరుగుతూనే ఉంటుంది. ఇది ఏదో ప్రయోగశాలలో దాచిన వింత కాదు. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఎంఆర్‌ఐ స్కానింగ్‌కు వెళితే మనల్ని పడుకోబెట్టే ఆ సొరంగం చుట్టూ సాధారణంగా నియోబియం-టైటానియం తీగచుట్టలు ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. మన పక్కనే, కొన్ని అంగుళాల దూరంలో, మైనస్ 269 డిగ్రీల చలి. స్కానింగ్ అంత ఖరీదు కావడానికి ఉన్న కారణాల్లో ఆ హీలియం ఒకటి.

ఆ చలి అవసరం లేని పదార్థం కోసం వందేళ్ళకు పైగా వెతుకులాట. 1986లో జూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెడ్‌నోర్జ్, ముల్లర్ అనే ఇద్దరు రాగి, ఆక్సిజన్ ఉన్న ఒక పింగాణీ రకం పదార్థంలో అప్పటిదాకా ఎవరూ ఊహించని ఉష్ణోగ్రతలో అతివాహకత్వాన్ని కనుగొన్నారు. మరుసటి ఏడాదే నోబెల్ వచ్చింది. 1987లో ఇంకో పింగాణీ మైనస్ 180 డిగ్రీల దగ్గరే పనిచేసింది. చౌకగా దొరికే ద్రవ నైట్రోజన్ అంతకంటే చల్లగా ఉంటుంది కాబట్టి అది పెద్ద మలుపు. ఆ మార్చిలో న్యూయార్క్ హోటల్లో జరిగిన భౌతికశాస్త్రవేత్తల సమావేశం తెల్లవారుజాము దాకా సాగింది. హాల్లో చోటు చాలక జనం బయట వరండాల్లో టీవీ తెరల ముందు నిలబడి విన్నారు. 2023లో జరిగినది కూడా ఒక విధంగా ఆ వరండాయే అని నాకనిపిస్తుంది. కాకపోతే ఈసారి వరండాకు గోడలు లేవు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద అడుగులకు ఒక షరతు ఉంది. 2015లో హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 70 డిగ్రీల దగ్గర అతివాహకమైంది. కానీ రెండు వజ్రాల మొనల మధ్య మామూలు వాతావరణ పీడనానికి దాదాపు 15 లక్షల రెట్లు నొక్కితేనే. దాంతో తీగ చేయలేం, స్కానింగ్ యంత్రం చేయలేం. అందుకే ‘గది ఉష్ణోగ్రతలో, గది పీడనంలో’ అన్న కొరియన్ల మాట అంత కదిలించింది.

కానీ జోకులు అంత పొంగడానికి అసలు కారణం ఆ అంకె కాదు, ఆ వంటకం. లెడ్ ఆక్సైడ్, లెడ్ సల్ఫేట్ కలిపి 725 డిగ్రీల వద్ద ఒక రోజు వేడిచేయాలి. రాగి, ఫాస్ఫరస్ కలిపి 550 డిగ్రీల వద్ద రెండు రోజులు. రెండింటినీ నూరి, గాలి తీసేసిన గొట్టంలో మూసి, 925 డిగ్రీల వద్ద 5 నుంచి 20 గంటలు. అయిపోయింది! ఖరీదైన సరుకు ఏదీ లేదు. ఒక మోస్తరు కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉండే కొలిమి చాలు. దాంతో జనం దీన్ని వంటగా చూడడం మొదలుపెట్టారు. ‘మీ బ్యాచ్ ఉడికిందా?’, ‘మాది మాడిపోయింది’ అంటూ మాటలు. కాలిఫోర్నియాలో అంతరిక్ష సంస్థలో పనిచేసే ఆండ్రూ మెక్‌కాలిప్ అనే ఇంజినీరు తన వంటంతా ట్విచ్ అనే వెబ్‌సైట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. మూతపెట్టిన కొలిమిని గంటల తరబడి వేలమంది చూశారు. (సీసం పొడి ఒంట్లోకి పోతే విషం, ఫాస్ఫరస్ అంటుకుంటుంది. ఇంట్లో ఎవరూ చేయకూడని పని ఇది. ఆ సరదాలో ఈ మాట గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ.)

ఆ రోజుల్లో అన్నింటికంటే ఎక్కువగా తిరిగినవి రెండు వాక్యాలు. ఒక ల్యాబ్ విఫలమైందనగానే ‘అయిపోయింది, మన పని అయిపోయింది’. ఇంకో ల్యాబ్ ఆశ చూపగానే ‘మళ్ళీ లేచాం’. ఈ రెండింటి మధ్య ఊగుతూ పోయే అలల గీతను కూడా గీశారు. నవ్వు తెప్పించే గీతే, కానీ అందులో ఒక నిజముంది. కొత్త ఫలితం బయటికి వచ్చిన తొలి రోజుల్లో శాస్త్రవేత్తల నమ్మకం కూడా అలాగే పైకీ కిందికీ ఊగుతుంది. అది మామూలుగా నాలుగు గోడల మధ్య జరుగుతుంది కాబట్టి మనకు కనపడదు.

నవ్వు ఎక్కడ దారి తప్పిందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని లారెన్స్ బర్కలీ ప్రయోగశాలకు చెందిన షినేడ్ గ్రిఫిన్ కంప్యూటర్ లెక్కలతో ఒక పేపర్ పెట్టారు. సీసం స్థానంలో రాగి ఒక నిర్దిష్టమైన చోట కూర్చుంటే, ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిల్లో ‘చదును పట్టీలు’ ఏర్పడతాయని ఆ లెక్క చెప్పింది. అతివాహకాల్లో అలాంటివి కనిపించిన సందర్భాలున్నాయి. పేపర్‌తో పాటు ఆమె ఒబామా మైకును చేతిలోంచి జారవిడిచే బొమ్మను కూడా పెట్టారు. ‘ఇక చెప్పడానికేమీ మిగల్లేదు’ అన్న ధీమాకు అది గుర్తు. పేపర్ చదవనివాళ్ళకు ఆ బొమ్మే ఫలితమైంది. అమెరికా ప్రభుత్వ ల్యాబ్ నిర్ధారించిందన్న వార్త పాకింది. ఇది అతివాహకత్వానికి రుజువు కాదని ఆమె తర్వాత స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది. చదును పట్టీలున్న ప్రతి పదార్థం అతివాహకం కాదు, పైగా రాగి ఆ చోట కూర్చోవడం అంత తేలిక కాదని ఆ పేపర్‌లోనే ఉంది. బొమ్మ చేరినంత దూరం ఆ షరతు చేరలేదు. ఇందులో నేను గ్రిఫిన్‌ను తప్పుపట్టను. తోటి నిపుణుల మధ్య అది సహజమైన ఉత్సాహం. ఆ బొమ్మ చూస్తున్నది తోటి నిపుణులు మాత్రమే కాకపోవడంతో వచ్చిన చిక్కు అది.

ఇక మొదట్లో చెప్పిన వీడియో. అతివాహకం అయస్కాంతం మీద తేలుతుందన్నది అందరూ విన్న మాటే. ఆ పదార్థం తన లోపలి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది. 1933లో కనుగొన్న ఈ గుణాన్ని మైస్నర్ ప్రభావం అంటారు. కానీ తేలేవన్నీ అతివాహకాలు కావు. ఇంటర్మీడియట్‌లో డయా అయస్కాంత పదార్థాలని చదివింది గుర్తుందా? నీరు, గ్రాఫైట్ లాంటివి. అవి అయస్కాంతాన్ని చాలా బలహీనంగా వికర్షిస్తాయి. అయస్కాంతం తగినంత బలంగా ఉంటే అవీ తేలతాయి. 1997లో నెదర్లాండ్స్‌లో ఆండ్రే గైమ్ బృందం 16 టెస్లాల (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) క్షేత్రంలో బతికున్న కప్పను గాలిలో తేల్చింది. కప్ప ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే కదా. ఆ పనికి గైమ్‌కు 2000లో సరదా పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ వచ్చింది, 2010లో గ్రాఫీన్ అనే, ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర మీద చేసిన పనికి అసలు నోబెల్ వచ్చింది. నవ్వు తెప్పించే సైన్సు తేలిక సైన్సేమీ కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే ఇష్టమైన ఉదాహరణ లేదు.

తమ రాయిని చూపిస్తూ కొరియన్లు కూడా ఒక వీడియో పెట్టారు. దాన్ని జాగ్రత్తగా చూసినవాళ్ళకు ఇంకో సంగతి కనపడింది. వాళ్ళ రాయి పూర్తిగా లేవలేదు. ఒక అంచు అయస్కాంతాన్ని అంటుకునే ఉంది. దాన్ని సగం తేలడం అన్నారు, ఆ మాట మీద మళ్ళీ వందల జోకులు. జోకుల సంగతి అలా ఉంచితే, ఆ అంటుకున్న అంచే అసలు ఆధారం. పెకింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు తాము చేసిన శాంపిళ్ళలో ఇనుము లాంటి ఫెర్రో అయస్కాంత గుణం కొద్దిగా ఉందని చూపారు. అలాంటి పెచ్చు అయస్కాంత రేఖల వెంబడి నిలబడుతుంది, తేలదు. చిన్నప్పుడు కాగితం మీద ఇనుప రజను పోసి కింద అయస్కాంతం తిప్పితే రజను ముళ్ళలా లేచేది చూడండి, అదే ఇది. ఇంతకుముందు హార్వర్డ్‌లో పనిచేసిన డెరిక్ వాన్‌గెనెప్ గ్రాఫైట్ తురుమును బిళ్ళగా నొక్కి, దానికి ఇనుప రజను అంటించి, అచ్చం కొరియన్ల రాయిలాగే సగం తేలే బిళ్ళ తయారుచేశాడు. మాటలతో చేసే వాదన కంటే ఆ బిళ్ళ చాలా బలమైన సమాధానం.

మన దేశం నుంచి సమాధానం ఇంకా ముందే వచ్చింది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో అవానా బృందం కొరియన్ల పద్ధతిలోనే పదార్థం వండి, జులై నెలాఖరుకే ఫలితం పెట్టింది. గది ఉష్ణోగ్రతలో అతివాహకత్వం కనపడలేదు, దాని మీద అయస్కాంతం తేలలేదు. ప్రపంచంలో తొలి పరీక్షల్లో అదొకటి. ‘మళ్ళీ లేచాం’ అన్న కేకల్లో అది వినపడలేదు. చిన్నగా, నిజాయితీగా ‘మాకు రాలేదు’ అని చెప్పిన పేపర్‌కు దక్కాల్సిన గౌరవం దక్కలేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇక మిగిలింది కొరియన్ల గ్రాఫులో నిరోధం ఒక్కసారిగా పడిపోయిన ఆ మెట్టు. అది దాదాపు 104 డిగ్రీల దగ్గర ఉంది. ఈ చిక్కుముడి విడిన తీరు నాకు ఈ కథలో అన్నింటికంటే ఇష్టం. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్రశాంత్ జైన్ భౌతికశాస్త్రవేత్త కాదు, రసాయన శాస్త్రవేత్త. కానీ 104 అన్న అంకె చూడగానే ఆయనకు ఎక్కడో చూసినట్టనిపించింది. కాపర్ సల్ఫైడ్ మీద ఆయన అంతకుముందు పనిచేశారు. ఆ పదార్థం చల్లబడుతూ సరిగ్గా 104 డిగ్రీల ప్రాంతంలో తన స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకుంటుంది. మారగానే దాని నిరోధం వేల రెట్లు పడిపోతుంది. పడిపోతుందే తప్ప సున్నా కాదు. కానీ పెద్ద అంకెలకు సరిపోయేలా గీసిన గ్రాఫులో ఆ కొంచెం నిరోధం అడుగు గీతకు అంటుకుని సున్నాలాగే కనపడుతుంది.

మరి కాపర్ సల్ఫైడ్ ఎక్కడినుంచి వచ్చింది? వంటలోంచే. లెడ్ సల్ఫేట్‌లో గంధకం ఉంది, రెండో మిశ్రమంలో రాగి ఉంది. ఆ రసాయన చర్యను తూకం వేసి చూస్తే ఒక పాలు ఎల్‌కే-99కి 17 పాళ్ళ రాగి, 5 పాళ్ళ గంధకం మిగిలిపోతున్నాయి. అవి రెండూ కలవక ఏం చేస్తాయి? తమ శాంపిల్‌లో కాపర్ సల్ఫైడ్ మలినంగా ఉందని కొరియన్ల పేపరే చెప్పింది కూడా. సమాధానం ప్రశ్న పక్కనే రాసి ఉంది, దాన్ని గుర్తుపట్టే కళ్ళు మరో శాఖలో ఉన్నాయి. బీజింగ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లో లువో బృందం కాపర్ సల్ఫైడ్‌ను విడిగా కొలిచి, ఆ మెట్టు దానిదేనని చూపింది.

గోడలు లేని వరండా గొప్పతనం నాకు ఇక్కడే కనపడుతుంది. అతివాహకాల నిపుణులు మాత్రమే చదివే పత్రికలో ఈ పేపర్ వచ్చి ఉంటే కాపర్ సల్ఫైడ్ తెలిసిన రసాయనవేత్త కంట పడేదా? పడినా ఎంతకాలానికి? ‘ఉడికిందా?’ అన్న జోకు వెయ్యిమందికి చేరితే, ఆ వెయ్యిమందిలో ఒకరికి ఆ అంకె తెలిసి ఉంటుంది.

దీన్ని అదే ఏడాది జరిగిన ఇంకో కథ పక్కన పెట్టి చూడాలి. 2023 మార్చిలో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రంగా డయాస్ బృందం నైట్రోజన్ కలిపిన లుటీషియం హైడ్రైడ్ గది ఉష్ణోగ్రతలో, సుమారు 10 వేల వాతావరణాల పీడనంలో అతివాహకమైందని ‘నేచర్’లో ప్రకటించింది. తోటి నిపుణులు పరిశీలించిన పేపరది, పెద్ద పత్రిక. ఎల్‌కే-99 పేపర్లకు ఈ రెండూ లేవు. అయినా ఎల్‌కే-99 సంగతి మూడు వారాల్లో తేలింది. డయాస్ పేపర్‌ను వెనక్కి తీసుకోవడానికి నవంబరు దాకా పట్టింది, అదీ సహరచయితల్లో ఎక్కువమంది కోరాక. ఆ పని సరిచూడాలంటే వజ్రాల యంత్రం కావాలి, లుటీషియం కావాలి, చేయి తిరిగిన మనిషి కావాలి. అందరికీ అందని వంటకం మీద జోకులూ తక్కువే, తనిఖీలూ తక్కువే. ఎల్‌కే-99ను అంత త్వరగా తేల్చింది కొరియన్ల బహిరంగమైన వంటపద్ధతి. వాళ్ళ వాదన తప్పయినా ఆ మేరకు వాళ్ళకు కృతజ్ఞత చెప్పాలి.

2018లో బెంగళూరు నుంచి కూడా ఇలాంటి ప్రకటన ఒకటి వచ్చింది. బంగారం, వెండి నానో కణాల్లో మైనస్ 37 డిగ్రీల దగ్గర అతివాహకత్వం అని. అప్పుడు బ్రయాన్ స్కిన్నర్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ గ్రాఫును పెద్దది చేసి చూశాడు. రెండు వేర్వేరు కొలతల్లో యాదృచ్ఛికంగా ఉండాల్సిన చిన్నచిన్న వణుకులు ఒకే తీరులో ఉన్నాయి. రేడియో గరగర రెండుసార్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా వినపడదు కదా! ఆ ప్రశ్న వేయడానికి అతనికి కొలిమి అక్కర్లేదు, శాంపిల్ అక్కర్లేదు, ఓపిగ్గా చూసే కన్ను చాలింది.

నవ్వు వల్ల అంతా మంచే జరిగిందని నేననను. కొరియాలో అతివాహకాలతో ఏదో ఒక లంకె ఉందనిపించిన కంపెనీల షేర్లు ఎగిరి పడ్డాయి. ఎక్కేటప్పుడు కొన్నవాళ్ళ డబ్బు నిజమైన డబ్బు. మా ఇళ్ళ వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చేసరికి జోకుల్లోని ఉప్పూ కారం అంతా పోయి ‘ఇక కరెంటు బిల్లు ఉండదు’ అన్న ఒక్క వాక్యం మిగిలింది. ఆ వాక్యాన్ని నమ్మి అడిగినవాళ్ళకు నేను చెప్పిన మాట ఇది: 1987 నాటి పింగాణీలు నిజమైన అతివాహకాలు, ఎవరికీ అనుమానం లేదు, అయినా పెళుసుగా ఉండే వాటిని పొడవాటి తీగలుగా మలచడానికే దశాబ్దాలు పట్టింది. రాయి తేలినా కరెంటు బిల్లు మరుసటి నెల తగ్గదు.

ఆగస్టు 7న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోని సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం, ఎంతో విచారంతో చెబుతున్నాం, ఆట ముగిసిందని రాసింది. ఆ విచారం నటన కాదు. ఇది తప్పని నిరూపించినవాళ్ళలో చాలామంది ఇది నిజమవ్వాలని కోరుకున్నవాళ్ళే.

ఆగస్టు మధ్యలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి చివరి ముక్క వచ్చింది. అక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థలో పాస్కల్ పుఫాల్ బృందం గంధకం జోలికే పోని పద్ధతిలో ఎల్‌కే-99ను మలినం లేని ఒకే స్ఫటికంగా పెంచింది. అది నల్లగా లేదు. ఊదారంగులో, వెలుతురు దూరిపోయేంత పారదర్శకంగా ఉంది. దాని నిరోధం కొలిస్తే లక్షల ఓమ్‌లు. అతివాహకం కాదు సరికదా, మామూలు వాహకం కూడా కాదు, బంధకం. ఆ ఫోటో కింద కూడా ఎవరో ఒకరు ‘అయిపోయింది’ అని రాసే ఉంటారు. నేను మాత్రం చాలాసేపు ఆ రంగునే చూస్తూ ఉండిపోయాను. మూడు వారాలు అందరం మాట్లాడుకున్నది మలినాలు కలిసిన నల్లటి రాయి గురించి, మలినం లేని అసలు పదార్థం నాకు అప్పుడే మొదటిసారి కనపడింది.